డెల్మర్ ఎవరివాడు

భర్త పోయాక మార్లిస్ టెష్‌కి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరేమడిగినా సరే అనేసేది. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. అవతలివాళ్లు నొచ్చుకుంటే మళ్లీ సర్దిచెప్పుకోవాలి. సరే అంటే అక్కడితో అయిపోతుంది. ఆదివారం ప్రార్థనలో డెల్మర్ పేరు చదవమంటారా అని పాస్టర్ అడిగితే సరే అంది. డెల్మర్ మంచు తోసే యంత్రం వాడుకుంటానని పక్కింటాయన అంటే సరే అంది. బడి వంటశాలలో తోటి వంటామె, "ఇంకో వారం సెలవు పెట్టరాదూ?" అంటే దానికీ సరే అంది. మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే వచ్చి రెండొందల మంది పిల్లలకి బంగాళాదుంపలు ఉడకబెట్టింది.

ఆమెకి యాభై తొమ్మిదేళ్లు. బ్రూల్టన్ ఊళ్లో ఆమెని ఎరగనివాళ్లు లేరు. ఇరవయ్యేళ్లుగా రిపబ్లికన్ పార్టీ జిల్లా శాఖ ఏ సభ పెట్టినా కాఫీ, కేకు ఆమె చేతి మీదే. కుర్చీలు వేయడం డెల్మర్ పని. వాళ్లిద్దరికీ పార్టీ అంటే ఆ కుర్చీలూ ఆ కాఫీనే. ఉపన్యాసాలు నడిచేటప్పుడు ఇద్దరూ వంటగదిలో నిలబడి మిగిలిన కేకు ముక్కలు తినేవాళ్లు.

డెల్మర్ అక్క ఆర్డిస్ మాత్రం అటుపక్క మనిషి. జిల్లా ఆరోగ్య శాఖలో ముప్పయ్యేళ్లు నర్సుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. తెల్లారి లేస్తే డెమోక్రాట్లకి జై కొట్టనిదే ఆవిడకి కాఫీ దిగదు. అక్కాతమ్ముళ్లకి పడేది కాదని కాదు. పడేది. కాని ఏ పండగ భోజనానికి కూర్చున్నా వండిన టర్కీ కోడిని కోసేలోపే ఎవరో ఒకరు లేచి వెళ్లిపోవాల్సిందే. వెళ్లినవాళ్లు మళ్లీ తీపి వడ్డించేవేళకి వచ్చేసేవాళ్లు.

ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన కాగితం మిల్లు మూతపడినప్పుడు డెల్మర్‌కి ఉద్యోగంతోపాటు ఆరోగ్య బీమా కూడా పోయింది. మార్లిస్‌ది సగం పూట ఉద్యోగం, దానికి బీమా లేదు. అటుపక్క పార్టీ తెచ్చిన కొత్త చట్టం కింద బీమా తీసుకోవచ్చు. డెల్మర్ ససేమిరా అన్నాడు. సారాయి దుకాణంలో పదిమంది మధ్య గ్లాసు ఎత్తి, "ఆ కార్డు నేను జేబులోంచి తీసిన రోజున, నన్నిక్కడే పాతిపెట్టండిరా," అన్నాడు. అందరూ నవ్వారు. ఆర్డిస్ కంప్యూటర్ చంకలో పెట్టుకుని వచ్చి వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. "పుట్టిన తేదీ చెప్పు. నీ పుట్టిన తేదీ నాకు తెలుసులే, నువ్వు నోరు మూసుకుని కూర్చో," అని తనే అంతా నింపేసింది. అలా భార్యాభర్తలిద్దరికీ కార్డులొచ్చాయి.

రెండేళ్లు గడిచాయి. రెండో ఏడాది మొదట్లోనే పాత బీమా కంపెనీ ఆ జిల్లాలో గిట్టుబాటు కాదని లేచిపోయింది. వచ్చిన కొత్త కంపెనీ జాబితాలో డాక్టర్లు తక్కువ. సెప్టెంబరులో డెల్మర్ కళ్లు పచ్చబడ్డాయి. కడుపు జబ్బుల నిపుణుడు నూట నలభై మైళ్ల అవతల ఉన్నాడు. ఆయన్ని చూడ్డానికి ఏడు వారాలు ఆగమన్నారు. ఆగారు. క్లోమంలో క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకిందన్నారు. ఆ తర్వాత అయిన చికిత్సకి, ఆసుపత్రికి, ఆఖరి రోజుల్లో ఇంటికొచ్చిన నర్సులకి, ఖర్చంతా ఆ కార్డే చూసుకుంది. జనవరి తొమ్మిదో తేదీ సోమవారం డెల్మర్ పోయాడు.

అదే నెలలో కొత్త అధ్యక్షుడొచ్చాడు. ఆ చట్టాన్ని రద్దు చేస్తామని మార్లిస్ పార్టీవాళ్లు ఎన్నికల్లో చెప్పిందే. ఇప్పుడు చేసి చూపించాలి. ఊళ్లో ఇళ్ల ముందు మంచులో మళ్లీ బోర్డులు లేచాయి. కొన్ని రద్దు చెయ్యమనేవి, కొన్ని ముట్టుకుంటే ఊరుకోమనేవి. దిగువ సభలో ఆ ప్రాంతం ప్రతినిధి, మార్లిస్ పార్టీవాడే అయిన వెక్స్‌లర్ వాషింగ్టన్ నుంచి వస్తున్నాడనీ, ఫిబ్రవరి మూడో శనివారం హైస్కూలు వ్యాయామశాలలో జనంతో మాట్లాడతాడనీ కబురొచ్చింది.

ఆ వారం మొదట్లో ఆర్డిస్ వచ్చింది. బూట్లకంటిన మంచు గుమ్మంలోనే దులిపి, అడక్కుండానే ఫ్రిజ్ తెరిచి చూసింది.

"ఏం తింటున్నావే? ఈ గిన్నెలో క్యాసరోల్ కూర అంత్యక్రియలనాటిది కదూ?"

"ఏమో."

"పారెయ్." తనే పారేసింది. కూర్చుంది. "శనివారం వెక్స్‌లర్ సభ ఉంది. నువ్వు లేచి డెల్మర్ గురించి చెప్పాలి. ఆ కార్డు లేకపోతే వాడు నొప్పితో ఈ వాకిట్లోనే పోయేవాడు. చివరి నెల రోజులు మందులతో కాస్త ప్రశాంతంగా పోయాడంటే ఆ చట్టం వల్లే. నేను చెబితే డెమోక్రాట్ ముసల్ది వాగుతోందంటారు. నువ్వు వాళ్ల మనిషివి. నువ్వు చెబితే వింటారు."

మార్లిస్ కిటికీలోంచి చూస్తోంది. ఎదురింటి చూరుకి మంచు కడ్డీ ఒకటి మూరెడు పొడుగున వేలాడుతోంది.

"చెబుతావా?"

"సరే."

ఆర్డిస్ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. చేయి నొక్కుతున్నట్టు మార్లిస్‌కి తెలిసింది కాని, అది తన చెయ్యేనని గట్టిగా అనిపించలేదు.

రెండు రోజుల తర్వాత కిర్బీ వచ్చాడు. వెక్స్‌లర్ గారి స్థానిక కార్యాలయం నడిపే ముప్పై అయిదేళ్లవాడు. మర్యాదస్తుడు. డెల్మర్ అంత్యక్రియలకి పెద్ద పూలగుత్తి తెచ్చిందీ, ఆఖర్న మార్లిస్‌తో కలిసి కుర్చీలు మడిచిందీ ఇతనే.

"మార్లిస్ గారూ, శనివారం మైకు మీరు పట్టుకుంటారా? చీటీలో నంబరు పిలవగానే ఆ మనిషి దగ్గరికి తీసుకెళ్లడమే. మీ చేతిలో ఉంటే ఎవరూ లాక్కోరు."

"సరే."

"ఇంకోటి..." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఏడు వారాలండీ. ఏడు వారాలు ఆపారు ఆయన్ని. ఈ చట్టం బీమా కంపెనీలని తరిమేయకపోతే ఇక్కడే, పది మైళ్లలోనే చూపించుకునేవారు. అవునా కాదా? ఇది ప్రతినిధి గారు చెబితే రాజకీయం అంటారు. మీరు రెండు ముక్కలు చెబితే చాలు. డెల్మర్ మనవాడు. ఆయనకి న్యాయం జరిగినట్టుంటుంది."

కిర్బీ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆర్డిస్ చెప్పిందాంట్లోనూ లేదు. మార్లిస్ రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దామనుకుంది. మనసు కదల్లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు లేద్దామంటే లేవలేనట్టు అయింది.

"సరే," అంది.

శనివారం వ్యాయామశాలలో నాలుగొందల కుర్చీలు వేశారు. అవి చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. చట్టం ఉండాలనేవాళ్లు ఎడమవైపు, వద్దనేవాళ్లు కుడివైపు, పెళ్లిలో పిల్లవైపూ పిల్లాడివైపూ కూర్చున్నట్టు వాళ్లంతట వాళ్లే విడిపోయారు. గుమ్మం దగ్గర మాట్లాడేవాళ్లకి నూట ఒకటి నుంచి నంబర్లూ, అందరికీ ఎర్ర చీటీలూ పచ్చ చీటీలూ పంచారు. మాట నచ్చితే పచ్చది, నచ్చకపోతే ఎర్రది ఎత్తాలి. గొడవ లేకుండా అభిప్రాయం చెప్పడానికని కిర్బీ ఆలోచన.

గొడవ మొదటి అయిదు నిమిషాల్లోనే మొదలైంది. వెక్స్‌లర్ పొడగరి, నిదానస్తుడు. "మీరు చెప్పేది వినడానికే వచ్చాను," అన్నాడు. "అయితే విను!" అని ఎడమవైపునుంచి ఒకామె అరిచింది. "ముందు నువ్వు కూర్చో!" అని కుడివైపు వాడొకడు అందుకున్నాడు. మార్లిస్ మైకు పట్టుకుని అటూ ఇటూ నడుస్తూనే ఉంది. చక్కెర జబ్బున్న కూతురి గురించి ఒకాయన ఏడుస్తూ చెప్పాడు. ఎర్ర చీటీలు లేవలేదు, పచ్చవి లేచాయి. కుటుంబమంతా కష్టపడి కట్టిన బీమా ఈ చట్టంతో రద్దయిపోయిందని పాల రైతు భార్య చెప్పింది. ఈసారి అటువైపు చీటీలు లేచాయి. మార్లిస్ అందరి నోటి దగ్గరా మైకు ఒకే ఎత్తులో పట్టుకుంది. వడ్డన వరసలో గరిటె పట్టుకున్నట్టే ఉంది ఆమెకి.

నూట పన్నెండో నంబరు ఆర్డిస్‌ది. ఆవిడ లేచి నిలబడింది కాని మైకు అందుకోలేదు.

"నా వంతు మా తమ్ముడి భార్యకిస్తున్నాను. మైకు పట్టుకున్న ఈమే. మా తమ్ముడికి ఈ చట్టం ఏం చేసిందో ఈమె చెబుతుంది."

వేదిక పక్కన నిలబడ్డ కిర్బీ ముఖం విప్పారింది. వంగి వెక్స్‌లర్ చెవిలో ఏదో చెప్పాడు. వెక్స్‌లర్ తల ఊపి, "మార్లిస్ గారు మనందరికీ తెలిసిన మనిషి. వారి కుటుంబానికి ఈ చట్టం చేసిన అన్యాయం నాకూ తెలుసు. చెప్పండమ్మా," అన్నాడు.

ఆర్డిస్ చటుక్కున కిర్బీ వైపు చూసింది. కిర్బీ ఆర్డిస్ వైపు చూశాడు. తర్వాత ఇద్దరూ కలిసి మార్లిస్ వైపు తిరిగారు.

ఆమె మైకు తన నోటి దగ్గర పెట్టుకుంది. భయం వేయలేదు. అసలేమీ అనిపించలేదు. బాస్కెట్‌బాల్ గీతల మీద తన బూట్లు కనిపిస్తున్నాయి, వాటిమీద రోడ్డు మంచుకి చల్లిన ఉప్పు చారలున్నాయి.

"ఆర్డిస్ అడిగితే చెబుతానన్నాను. కిర్బీ అడిగితే చెబుతానన్నాను. కార్డు మందులన్నీ ఇచ్చింది. అది నిజం. డాక్టరు కోసం ఏడు వారాలు ఆగాం. అదీ నిజం."

ఒక పచ్చ చీటీ లేచి, ఎటు లేవాలో తెలియక దిగింది.

"డెల్మర్‌కి నొప్పి జులైలో మొదలైంది. సెప్టెంబరులో కాదు. గ్యారేజీలో ట్రక్కు చక్రం మారుస్తూ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. డాక్టరు దగ్గరికి పోదామా అన్నాను. 'ఆ కార్డు తియ్యనని అందరి ముందూ అన్నాను కదా, ఇప్పుడు తీస్తే ఆర్డిస్ గెలిచినట్టు కాదూ' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. సరే అన్నాను. వేణ్నీళ్ల సంచీ ఇచ్చాను. ప్యాంటు నడుము దగ్గర రెండుసార్లు కుట్టి బిగించాను. కార్డు వచ్చిన కవరులోనే ఉంది. కళ్లు పచ్చబడేదాకా దాన్ని కవరులోంచి తియ్యలేదు. అంతే."

తడి కోట్ల వాసన వేస్తోంది. పైన ఒక దీపం జుయ్యిమంటోంది. ఎక్కడో ఒక పసిపిల్ల దగ్గింది.

అప్పుడు వెనకనుంచి ఒక మగగొంతు అడిగింది, వెటకారంగా కాదు, నిజంగానే అర్థం కాక: "ఇంతకీ మీరు ఉండాలంటారా, వద్దంటారా?"

మార్లిస్ ఆలోచించింది. "నూట పదమూడో నంబరు ఎవరిదండీ?" అంది.

నూట పదమూడు ఒక గడ్డం మనిషిది. ఆయన అమాయకంగా మొదలుపెట్టి రెండో వాక్యానికే అటువైపు వాళ్లని దేశద్రోహులన్నాడు. హాలంతా లేచి అరిచింది. మార్లిస్ ఆ తర్వాత గంటసేపు ఇంకా ఇరవై మంది దగ్గరికి మైకు మోసుకెళ్లింది. సభ అయ్యాక కుర్చీలు మడిచింది. కిర్బీ ఆమెతో కలిసి మడవలేదు. ఫోను చెవిన పెట్టుకుని బయటికెళ్లాడు.

ఆర్డిస్ కారు దగ్గర కాచుకుని ఉంది. గడ్డకట్టే చలిలో టోపీ కూడా లేకుండా నిలబడింది.

"నాలుగొందల మంది ముందు నా తమ్ముణ్ణి మూర్ఖుణ్ణి చేశావు."

"అడిగావుగా."

"నేనడిగింది అదా? ఆ మాట నాకు చెప్పొచ్చుగా! వంటింట్లో కూర్చున్నప్పుడు చెప్పొచ్చుగా! నాకు చెప్పకుండా ఊరందరికీ చెప్పావు. రేపు పొద్దున వాళ్లేమంటారో తెలుసా? మావాళ్లు వాడి మొండితనమే వాణ్ణి చంపిందంటారు. మీవాళ్లు వాడికి చట్టమంటే అంత అసహ్యమని చెప్పుకుంటారు. వాడు చచ్చి కూడా ఇద్దరికీ పనికొస్తున్నాడు."

"అవును," అంది మార్లిస్.

"అవునట!" ఆర్డిస్ కారెక్కి తలుపు ఎంత గట్టిగా వేసిందంటే కప్పు మీది మంచు జారి అద్దం మీద పడింది. అది తుడుచుకోవడానికి మళ్లీ దిగాల్సొచ్చింది. దిగి, మార్లిస్ వైపు చూడకుండా తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆర్డిస్ చెప్పినట్టే అయింది. వారపత్రికలో ఉత్తరాల పేజీ రెండు వారాలు డెల్మర్‌తో నిండింది. అతన్ని ఎన్నడూ చూడనివాళ్లు కూడా అతను ఏమనుకునేవాడో రాశారు. మూడో వారం రోడ్ల గుంతల మీదికి మళ్లారు. మార్లిస్ ఆ ఉత్తరాలన్నీ చదివింది. బడిలో పిల్లల ఎత్తు, బరువు రాసుకునే పట్టిక చదివినట్టు చదివింది. పార్టీ వాళ్లు మార్చి సమావేశానికి కాఫీ పెట్టమని పిలవలేదు. వెక్స్‌లర్ మే నెలలో రద్దుకే ఓటేశాడు. దిగువ సభలో బిల్లు గట్టెక్కింది, పై సభలో జులై నెలాఖరున పడిపోయింది. చట్టం మిగిలింది. ఆ జిల్లాలో డాక్టర్ల జాబితా మాత్రం అంతే పొట్టిగా ఉండిపోయింది. అదంతా తర్వాతి సంగతి.

మార్చి మొదటి వారంలో అటవీ శాఖ అధికారి బడి వంటశాలకి ఫోన్ చేశాడు. గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టుకునే గుడిసె ఒకటి, డెల్మర్ పేరూ చిరునామా రాసి ఉన్నది, అలాగే ఉందట. మిగతావాళ్లంతా తమవి లాక్కెళ్లిపోయారట. మంచు పలచబడేలోగా తీయాలి.

"ఆయన పోయారని తెలుసండి," అన్నాడు ఇబ్బందిగా. "నేనే తీయిద్దును కాని నిబంధన ఒప్పుకోదు."

డెల్మర్ డిసెంబరులో దాన్ని ఎప్పుడు తీసుకెళ్లి పెట్టించాడో మార్లిస్‌కి తెలియదు. అప్పటికే మెట్లు ఎక్కలేకపోతున్నాడు. స్నేహితుల చేత పెట్టించి ఉంటాడు. ట్రక్కుకి గొలుసు తగిలించి గుడిసెని లాగడం ఆమెకి రాదు. ఎవర్ని పిలవాలా అని ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి ఆర్డిస్ నంబరే నొక్కింది.

"శనివారం తొమ్మిదింటికి," అంది ఆర్డిస్. ఫోను పెట్టేసింది.

శనివారం ఆకాశం బూడిద రంగులో ఉంది. సరస్సు మీద పైన రెండంగుళాల నీళ్లు నిలిచాయి. వాటి కింద మంచు గట్టిగానే ఉంది. గుడిసె అడుగు చెక్కలు మంచులోకి దిగి గడ్డకట్టుకుపోయాయి. ఆర్డిస్ ఇనపగునపంతో ఒకవైపు, మార్లిస్ గొడ్డలితో ఇంకోవైపు తవ్వారు. అరగంటకి అరవై ఆరేళ్ల ఆర్డిస్‌కి ఆయాసం వచ్చి ఆగింది. గుడిసె తలుపు తీసింది. లోపల రెండు మడత కుర్చీలు, చిన్న పొయ్యి, కాఫీ డబ్బాలో గాలాలు. గోడకి పాత క్యాలెండరు. ఆర్డిస్ ఒక కుర్చీలో కూలబడింది. ముఖం చేతుల్లో పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. మార్లిస్ రెండో కుర్చీలో కూర్చుంది. తనకీ ఏడుపు రావాలని ఎదురుచూసింది. రాలేదు. బూట్లలోకి నీళ్లెక్కి వేళ్లు మొద్దుబారాయి.

"జులై నాలుగో తారీఖు పండగ రోజున చూశాను వాణ్ణి," అంది ఆర్డిస్ కాసేపయ్యాక, ముక్కు తుడుచుకుంటూ. "పార్కులో. మీరు మొక్కజొన్న కాలుస్తున్నారు. నేను మావాళ్ల బల్ల దగ్గరున్నాను. వాడు బెల్టుకి కొత్త కన్నం పొడుచుకున్నాడు. మెడ సన్నబడింది. ముప్పయ్యేళ్లు నర్సుని మార్లిస్, అంత దూరం నుంచే నాకు తెలిసిపోయింది."

మార్లిస్ ఆవిడ వైపు చూసింది.

"అంతకు ముందు వారమే ఎన్నికల గురించి నన్ను ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇప్పుడు గుర్తుకూడా లేదు. నేను వాడితో మాట్లాడ్డం లేదప్పుడు. వాడే నా దగ్గరికి రావాలనుకున్నాను. వస్తాడులే, కార్డు పట్టుకుని వస్తాడు, అప్పుడు చెబుతాను వీడి పని అనుకున్నాను." ఆగింది. "రెండు నెలలు అలా కూర్చున్నాను."

సరస్సు అవతలి ఒడ్డున ఎవరో మంచు బండి నడుపుతున్నారు. ఆ చప్పుడు సన్నగా వచ్చి పోయింది.

"ఇది ఎవరికైనా చెప్పావా?" అని అడిగింది మార్లిస్.

"ఎవరికి చెప్పను? ఎవరికి చెప్పినా వాళ్లు దాన్ని ఎటో ఒకవైపు వాడుకుంటారు."

మార్లిస్ కోటు జేబులోంచి సాసేజ్ మాంసం పెట్టిన రొట్టె తీసి, రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఆర్డిస్‌కిచ్చింది. ఆర్డిస్ ఏడుపు మధ్యలోనే తిన్నది. "ఆవముద్ద ఎక్కువ పూశావు," అంది. "డెల్మర్‌కి అలా ఇష్టం," అంది మార్లిస్.

తర్వాత మళ్లీ లేచి తవ్వారు. పదకొండింటికి ఒక మూల ఊడింది, ఇంకో పావుగంటకి మిగతా మూడూ వదిలాయి. ఆర్డిస్ ట్రక్కు వెనక్కి తెచ్చి గొలుసు తగిలించింది. మార్లిస్ నీళ్లలో నిలబడి, "ఇంకాస్త ఎడమకి... చాలు, ఆపు," అంటూ చెయ్యూపింది. గుడిసె పెద్ద చప్పుడుతో కదిలి, ఒడ్డు వైపుకి జారడం మొదలుపెట్టింది. ఆమె దాని వెనకే నడిచింది, తలుపు ఊడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని.